వేళ్లకు తెలిసిపోయిన తాళం

ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చిన ఒక ఫొటో, నంద్యాలలో నా గదిలో నుంచి మలేషియాకు పోవడం నేను కూర్చుని చూశాను. నల్లరాతిలో సగం తేలిన సూర్యుడి విగ్రహం ఫొటో అది. కింద పీఠం మీద గుర్రాలకు ఇంకా ముఖాలు రాలేదు. కంప్యూటర్ తెర మీద నీలిగీత ఒకటి ఎడమ నుంచి కుడికి పాకుతూ ఉంది. టెలిఫోను లైను తెగితే మళ్లీ మొదటి నుంచి. అప్పటికే తెగింది ఒకసారి. ఈసారి నేనూ, ఫొటో తెచ్చినామె, పరీక్ష ఫలితాలు చూసుకోవడానికి వచ్చినవాళ్లూ అందరం మాటలు మానేసి ఆ గీతనే చూస్తున్నాం. అది చివరంటా పోయి ఆగింది. పోయిందమ్మా అన్నాను.

"చేరిందా?"

"చేరింది."

"ఎవురి చేతికిచ్చినారు సార్?"

నాలుగు కంప్యూటర్లు పెట్టుకుని ఊరికి ఇంటర్నెట్ చూపిస్తున్నవాణ్ణి నేను. కానీ ఆ పని నాకు ఏ రోజూ పాతబడలేదు. పొద్దున షట్టరు ఎత్తాక, మోడెం గీపెట్టి గురగురలాడి ఒక్కసారిగా నిశ్శబ్దమయ్యే క్షణంలో అప్పటికీ ఒళ్లు జలదరించేది. ఒక గోడ లేచిపోయి అవతల లోకం మొత్తం నిలబడినట్టు ఉండేది. ఇంత పెద్ద లోకం నా ఇరుకు గదిలోకి వస్తున్నప్పుడు, ఆ గదికి ఇంకెన్ని దారులున్నాయో చూసుకోవాలన్న తెలివి మాత్రం నాకు రాలేదు.

ఆమె భర్త ఆళ్లగడ్డలో దేవతా విగ్రహాలు చెక్కే ఆచారి. ఉలి పని ఆయనది. రాయి తెప్పించడం, పనివాళ్లను కాచుకోవడం, వచ్చినవాళ్లతో మాట్లాడటం ఆమెది. ఆమె పదో తరగతి వరకు చదివింది. మలేషియాలో స్థిరపడిన తెలుగువాళ్లు కట్టుకుంటున్న గుడికి నవగ్రహాలు చెక్కే పని వాళ్లకు వచ్చింది. ఆ గుడి కమిటీ పెద్దాయన స్వయంగా వచ్చి రాయి ఎంచుకుని పోయాడు. ఆ తర్వాత మాటలన్నీ నా దగ్గర ఆమె పేరున తెరిచిన ఈమెయిల్లోనే. అప్పటికి కొంతకాలంగా వాళ్లకు పెద్ద పనులు లేవు. దగ్గరుండి నేర్పుకున్న పనివాళ్లు ఒక్కొక్కరే బేతంచెర్లకు నాపరాళ్ల పాలిషు పనికి పోతున్నారు. ఈ తొమ్మిది విగ్రహాలుంటే ఉన్నవాళ్లు నిలుస్తారు. లేకపోతే ఉలులు కాచే ఆ కొలిమీ, చెక్కే ఆ పందిరీ ఆయనతోనే ఆగిపోతాయి. ఇదంతా ఆమె ఏడుస్తూ చెప్పలేదు. బస్సు ఆలస్యమైందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

నెట్ సెంటర్ పెట్టకముందు అదే గదిలో నాకు టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. తొంభైలలో నంద్యాల చుట్టుపక్కల నుంచి, దొర్నిపాడు, సంజామల నుంచి కూడా సైకిళ్ల మీద, బస్సుల్లో వచ్చి నేర్చుకునేవాళ్లు. టైపు లోయరు పరీక్ష పాసైతే ఎక్కడో ఒకచోట ఉద్యోగం వస్తుందన్న నమ్మకం. వచ్చినవాళ్లందరికీ మొదటి పాఠం ఒకటే. ఎడమచేతి చిటికెనవేలు ఇంగ్లీషు ‘ఏ’ మీద, తర్వాత ఎస్, డీ, ఎఫ్, చూపుడువేలు పక్కకు జరిగి జీ, మళ్లీ ఎఫ్. రోజులకు రోజులు అదే కొట్టించేవాణ్ణి. చూడకుండా కొట్టాలి, నిద్రలో లేపి అడిగినా వేళ్లు కదలాలి అనేవాణ్ణి. కదిలేవి కూడా.

కంప్యూటర్లు వచ్చాక టైపు మిషన్లు మూలపడ్డాయి. నేను వాటిని అమ్మేసి కంప్యూటర్లు తెచ్చాను. ఈమెయిల్ అంటే ఏమిటో తెలియనివాళ్లు వచ్చి, "సార్, నాకూ ఒకటి తీసియ్యి" అనేవాళ్లు. నేనే తెరిచేవాణ్ణి. పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారంటే నీ ఇష్టం సార్ అనేవాళ్లు. రేపు మరిచిపోయి నన్నే అడుగుతారు. అందుకని నేను అందరికీ మొదటి పాఠమే పెట్టాను. ఏ, ఎస్, డీ, ఎఫ్, జీ, ఎఫ్. కువైట్‌లో కొడుకున్నవాళ్లకు అదే, విత్తనాల అంగడాయనకు అదే, అర్జీలు పెట్టుకునే కుర్రాళ్లకు అదే, ఆచారి భార్యకూ అదే. ఎవరు మరిచిపోయినా నాకు గుర్తుంటుంది కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఇంతమంది తలుపులు నా చేతి కింద ఉన్నాయన్నది నాకు లోలోపల బాగుండేది. ఉత్తరాలు కూడా నేనే తెరిచి, నేనే ముందు చదివి, వాళ్లకు చెప్పేవాణ్ణి. పెళ్లి కుదిరిన మాట, వీసా రాని మాట, అన్నీ ముందు నా కళ్లలో పడి తర్వాత వాళ్ల చెవిన పడేవి. దాన్ని నేను సేవ అనుకున్నాను.

ఒకరోజు ఆచారి భార్య వచ్చింది. మలేషియా పెద్దాయన జవాబు వచ్చి ఉంది. చదివాను. ఆచారిగారి కుడిచేయి పడిపోయిందని తెలిసి చాలా బాధపడ్డామనీ, మీరే పెద్దమనసుతో వేరే శిల్పిని చూపించారు గనుక మిగిలిన పని వారికే ఇస్తామనీ, దేవుడు మీకు మేలు చేయాలనీ రాశాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నేను తెలుగులో చెప్పాను.

"ఏ చెయ్యి సార్?" అంది ఆమె. "పొద్దున ఆ చేత్తోనే గదా ఉలి పట్టుకోని నా మింద అరిచింది."

పంపిన ఉత్తరాల అర తెరిచాను. అక్కడే ఉంది. ఆమె పేరున, ఆమె రాయని ఉత్తరం. చేయి పడిపోవడం, ఇంకో శిల్పశాల చిరునామా, వినయంగా ఒక నమస్కారం. ఎవరో లోపలికి వచ్చి, ఆమె చీర కట్టుకుని, ఆమె గొంతుతో మాట్లాడి పోయినట్టుంది. ఎలా జరిగిందో ఆ క్షణంలోనే నాకు అర్థమైంది. అర్థమైందని ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

హ్యాకర్లని ఉంటారమ్మా, ఎక్కడో విదేశాల్లో కూర్చుని ఇట్లాంటివి చేస్తుంటారు, మనం ఏమీ చేయలేం అన్నాను. ఆమె నన్ను నమ్మింది. సార్‌ను కదా. లేచి సంచి భుజాన వేసుకుంటూ ఒక్క మాట అడిగింది.

"మా మింద వాళ్లకేం పగ సార్?"

ఆమె పోయాక సెంటర్ ఖాళీగా ఉంది. నేను ఒక్కో పేరూ కొట్టి, కింద మొదటి పాఠం కొట్టి చూశాను. తెరుచుకుంది. ఇంకొకటి. తెరుచుకుంది. నేను తెరిచిన తలుపులన్నీ వరసగా, ఏ చప్పుడూ లేకుండా తెరుచుకుంటూ పోయాయి. ఆ మధ్యాహ్నం నాకు కలిగింది భయమేనా అంటే చెప్పలేను. అహోబిలం దారిలో మొదటిసారి కొండ అంచుకు పోయి లోయలోకి చూసినప్పుడు కాళ్లలో పుట్టే వణుకు లాంటిది. ఇంతమంది బతుకులు, ఇంత లోతు, అడ్డంగా ఒక్క కంచె లేదు. కంచె నాటాల్సినవాణ్ణి నేనే.

ఆ ఉత్తరంలో పేరున్న శిల్పశాలకు పనులు తెచ్చిపెట్టే మధ్యవర్తి ఒకడున్నాడు. పదేళ్ల కిందట నా దగ్గర టైపు లోయరు పాసైనవాడే. అప్పుడప్పుడు సెంటర్‌కు వచ్చి పోతుండేవాడు. బస్టాండు పక్క టీ అంగట్లో దొరికాడు. కోపంగానే అడిగాను. వాడు టీ గ్లాసు కింద పెట్టలేదు.

"నేనేమన్నా తాళం పగలగొట్టినానా సార్? ఆ యమ్మ పక్కన కూర్చోనుంటి. మీరు కొడతాంటిరి. చిటికెనేలు కాడ మొదలై చూపుడేలు కాడ తిరిగి వచ్చె. అది నాకు తెలీదా? నా వేళ్లకు మీరే నేర్పిస్తిరి గదా."

నేర్పినందుకు నీ చేత ఇదా చేయించుకోవాల్సింది అన్నాను. వాడు కొంచెం తల దించుకున్నట్టే అనిపించింది. అంతలోనే నవ్వాడు.

"యాపారం సార్. అందరిండ్లకీ ఒకటే బీగం వేసి, దొంగను తిడితే ఎట్ల?"

వాడు చేసింది తప్పు. ఆ మాటలో తప్పు లేదు.

వారం దినాలు నేను ఆళ్లగడ్డ పోలేదు. పోకపోవడానికి రోజూ ఒక కారణం దొరికింది. లైను బాగాలేదు, కంప్యూటర్లో వైరస్ వచ్చింది, ఎవరో ఫలితాలకు వస్తామన్నారు. ఆ వారంలో ఆమె రెండుసార్లు ఫోన్ చేసి, పెద్దాయనకు ఇంకో ఉత్తరం రాస్తే నమ్ముతాడా అని అడిగింది. చూద్దాం అన్నాను. మలేషియావాళ్లకు ఆ వేరే శిల్పితో మాటలు కుదిరిపోయే రోజులు అవి. అది తెలిసి కూడా చూద్దాం అన్నాను. జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఆ పాస్‌వర్డ్ కన్నా ఆ వారం పెద్దది.

చివరికి బస్సెక్కాను. సిరివెళ్ల దాటాక ఎడమవైపు నల్లమల నీలంగా కనిపిస్తూ వచ్చింది. ఏం చెప్పాలో మనసులో కూర్చుకున్నదంతా ఆళ్లగడ్డలో దిగేసరికి చెదిరిపోయింది. వాళ్ల పందిరి కింద ఇద్దరు మనుషులే పని చేస్తున్నారు. సూర్యుడి మీద గోనెపట్టా కప్పి ఉంది. ఆచారి ఒక చిన్న నాగపడగ చెక్కుతున్నాడు. వాకిట్లో కొత్తగా కట్టిన బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది.

నిలబడే చెప్పాను. హ్యాకర్లు లేరు, విదేశాలు లేవు, తాళం నేనే అందరికీ ఒకటే వేశాను, ఆ రోజే నాకు తెలుసు, భయపడి మీకు అబద్ధం చెప్పాను. ఆచారి ఉలి ఆపలేదు. ఆమె మాత్రం నన్ను చూసి గుమ్మడికాయ వైపు చూసింది.

"హ్యాకర్లంటివి. ఎవురి కన్నో పడిందని ఆ కాయ కట్టిస్తి. దావన పోయేటోళ్లనంతా అనుమానంగా చూస్తి. మా చెల్లెలిని గూడా. నువ్వు తెలిసి తెలిసి నన్నట్ల చూడనిస్తివి సార్."

తిట్టి ఉంటే తేలికయ్యేది. ఆమె తిట్టలేదు.

ఆచారి ఉలి పక్కన పెట్టి రాతిపొడి ఊదాడు. "ఇంగ అయిందేదో అయింది. ఇప్పుడేం చేస్తావప్పా?" అన్నాడు.

ఉత్తరం రాస్తే ఏది నిజం ఉత్తరమో వాళ్లకు తెలియదు, ఫోన్ చేద్దాం అన్నాను. ముగ్గురం ఎస్టీడీ, ఐఎస్‌డీ బూత్‌కు పోయాం. ఆమె సంచిలో పెద్దాయన ఇచ్చిపోయిన కార్డు ఉంది. చాలాసేపటికి లైను కలిసింది. అవతల ఆయన తెలుగు మా తెలుగు కాదు. ఎప్పుడో సముద్రం దాటిపోయిన ఉత్తరాంధ్ర వాళ్ల తెలుగు, సాగదీసి మెత్తగా ఉంటుంది. నేను జరిగింది వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు. విని, బాబూ, ఆ ఉత్తరం వారిదని నమ్మి మోసపోయాం, ఇప్పుడు ఈ ఫోనులో ఉన్నది వారేనని ఎలా నమ్మమంటారు అన్నాడు. న్యాయమైన మాట. నేను ఫోన్ ఆచారికి ఇచ్చాను. ఆయన మాటకారి కాదు. బతిమాలతాడేమో, ఏడుస్తాడేమో అనుకున్నాను.

"నేను నేనేనని నాకెరికే," అన్నాడు ఆచారి ఫోన్లో. "నువ్వు నువ్వేనా? ముందు అది చెప్పు."

బూత్ నడిపే ఆయన తల ఎత్తి చూశాడు. ఆమె చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాయి ఎంచిన పొద్దు నీ చెవి రాతికి ఆనిచ్చి సుత్తితో తట్టితి గదా. అప్పుడు నువ్వేమంటివి? అది చెప్తే నేను మాట్లాడతా. లేదంటే పెట్టేస్తా. నాకు గూడా మోసం అయింది గదప్పా."

అవతల నుంచి నవ్వు వినిపించింది. బూత్ అంతా వినిపించేటంత పెద్ద నవ్వు. తర్వాత ఆయన ఏదో అన్నాడు. ఆచారి ముఖం నెమ్మదిగా విచ్చుకుంది. ఏమన్నాడో తర్వాత ఆమెకు చెప్పాడు, నేను విన్నాను. గుడిగంట లోపల ఎవరో మేలుకుని కూర్చున్నట్టుంది ఆచారీ అన్నాడట ఆ రోజు. ఇప్పుడూ అక్షరం తప్పకుండా అదే అన్నాడట.

నేను ఆ అద్దాల గది బయట నిలబడి ఉన్నాను. ఒకరినొకరు చూసుకోకుండా, సముద్రానికి ఈ గట్టునా ఆ గట్టునా నిలబడి, ఇద్దరు మనుషులు ఒక రాతి చప్పుడుతో ఒకరినొకరు పోల్చుకున్నారు. ఆ చప్పుడు వాళ్లిద్దరి దగ్గర తప్ప ప్రపంచంలో ఎక్కడా లేదు. ఇంతకాలం నేను రహస్యం అనే మాటను మనుషుల మధ్య అడ్డుగోడ అనుకున్నాను. అది ఉంటేనే ఇద్దరు ఒకరినొకరు నమ్మగలరని ఆళ్లగడ్డ బజారులో తెలిసింది.

పెద్దాయన ఒప్పుకోలేదు, కాదనలేదు. కమిటీలో మాట్లాడి ఉత్తరం రాస్తానన్నాడు. ఈసారి ఆ ఈమెయిల్ పెట్టెకు తాళం మీదే అయి ఉండాలి అన్నాడట.

నంద్యాల వచ్చి పని మొదలుపెట్టాను. వైరస్‌ను పట్టుకునే సాఫ్ట్‌వేర్ కొత్తది వేయించాను. ఎవరి ఫ్లాపీ పడితే వాళ్ల ఫ్లాపీ పెట్టడం ఆపాను. ఒకరు లేచి పోగానే వాళ్ల జాడలన్నీ తుడిచే ఏర్పాటు చేశాను. సీటుకూ సీటుకూ మధ్య చెక్కలు కొట్టించాను. ఇవి తేలిక. కష్టమైంది మనుషులను ఒప్పించడం. కబురు పెట్టి ఒక్కొక్కరినీ పిలిపించి, మీ పాస్‌వర్డ్ మీరే మార్చుకోండి, నాకు చెప్పకండి అంటే చాలామందికి కోపం వచ్చింది. దొర్నిపాడు నుంచి వచ్చిన రైతు ఒకాయన, "ఏందీ, మేమేమన్నా పరాయోళ్లమా? నీ దగ్గర దాసిపెట్టేది ఏముంటాది?" అని లేచి నిలబడ్డాడు. నాకు చెప్పకపోవడమే నాకు మీరు చేసే మర్యాద అని చెప్పడానికి చాలా తంటాలు పడ్డాను.

పక్క వీధిలో గాజుల అంగడి నడిపే ఒక ముస్లిం పెద్దావిడ వచ్చింది. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు. కీబోర్డు మీద నీకు నచ్చిన మీటలు, నీకు గుర్తుండే వరసలో నొక్కు, నేను చూడను అన్నాను.

"ఎవరికీ చెప్పకూడదా?"

"ఎవరికీ."

"మా ఆయనకు గూడానా?"

"ఆయనకు గూడా."

ఆమె గాజులు మోచేతి వైపు తోసుకుంది. "ముప్పై ఏండ్లల్లో ఇదే మొదలు," అని, నన్ను గోడ వైపు తిరగమంది.

తిరిగాను. గోడకు ముఖం పెట్టి నిలబడి, ఒక్కొక్క మీట పడే చప్పుడు విన్నాను. ఒకటి. చాలా సేపటికి ఇంకొకటి. మధ్యలో తనలో తాను నవ్వుకోవడం వినిపించింది. ఇంట్లో ఆమె బీరువా తాళం అందరికీ తెలిసే చోట ఉంటుంది. ఆమె డబ్బా, ఆమె పెట్టె, ఆమె మాట, అన్నీ పదిమందివి. ఆ కుర్చీలో కూర్చుని ఆమె తనకు మాత్రమే తెలిసినదాన్ని ఒకదాన్ని పుట్టిస్తోంది. నా గదిలో నాకు తెలియనిది ఒకటి మొదటిసారి పుట్టింది. నాకు కళ్లు చెమర్చాయి, గోడ వైపు ఉన్నాను గనుక సరిపోయింది. తర్వాత ఎంతమందికో అట్లా వీపు చూపించి నిలబడ్డాను. ఒక్కరి దగ్గర కూడా ఆ నిశ్శబ్దం నాకు మామూలుగా అనిపించలేదు.

ఆచారి భార్య అందరికన్నా ముందే మార్చుకుంది. చాలా రోజులు వచ్చి, తెరిచి, ఏమీ లేదని పోయేది. నాతో అవసరమైనంత వరకే మాట్లాడేది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి చెక్కల వెనక కూర్చుంది. మీటల చప్పుడయింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం ఎంతసేపు సాగిందంటే, జవాబు వచ్చిందని నాకు తెలిసిపోయింది. ఆమె ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతోంది. లేచి పోయి సాయం చేయనా అని కాళ్లు అల్లాడాయి. కుర్చీ పట్టుకుని కూర్చున్నాను. ఇంతకుముందు ఆమె బతుకులో ఏం జరగబోతుందో ఆమెకన్నా ముందు నాకే తెలిసేది. ఇప్పుడు ఆ పందిరి నిలుస్తుందో పోతుందో చెక్కకు అవతల ఉంది, నేను ఇవతల ఉన్నాను. నాకు ఆమె భుజం అంచు ఒక్కటే కనిపిస్తోంది.

"సార్," అంది చివరికి, తల తిప్పకుండానే.

"చెప్పమ్మా."

"సూర్యుణ్ని ముగిచ్చమన్నారు. ముగిచ్చి ఫొటో పంపిస్తే, బాగుంటే, తక్కిన ఎనిమిది మంది మాట అప్పుడంట."

మంచి మాటే కదమ్మా అన్నాను. మంచో చెడ్డో మా ఆయన చేతిలో ఉంది అంది. బేతంచెర్ల పోయినోళ్లకు కబురు పెట్టాల, ఇద్దరైనా వస్తారేమో అని తనకు తానే చెప్పుకున్నట్టు అంది. సంచి తీసుకుని లేచి, రెండడుగులు వేసి ఆగింది.

"మెయిలు మూసినానో లేదో కొంచెం చూడు సార్," అంది. నేను కుర్చీలోంచి సగం లేచాను.

"వద్దులే. ఉండు," అంది వెనక్కు తిరిగి. "నేనే చూసుకుంటా."